కుట్టులో లేని వణుకు

కుడిచేతి తొడుగు కుట్టు విప్పడం రెండు నెలల్లో అది నాలుగోసారి. ఐదింటికి కచేరీ. గోడ గడియారం రెండూ ఇరవై చూపిస్తోంది. హాలు వెనక గదిలో ఒక బల్ల, దాని మీద నా సూదులపెట్టె, పక్కనే మా చెల్లెమ్మ కంప్యూటరు.

చెల్లెమ్మ అంటే నా బావమరిది భార్య. వాళ్లిద్దరూ ఐదేళ్లు కూర్చుని చేసిన వాద్యం ఒక జత చేతొడుగులు. తీగలు లేవు, మెట్లు లేవు. వేలు వంచితే స్వరం మారుతుంది, చెయ్యి ఎత్తితే శబ్దం పెరుగుతుంది, పిడికిలి బిగిస్తే ఆగిపోతుంది. వేళ్ల వెంట కుట్టిన సన్నటి సెన్సర్లు చేతి కదలికను కంప్యూటరుకి చేరవేస్తాయి. అక్కడ ఆమె రాసిన ప్రోగ్రాం దాన్ని సంగీతం చేస్తుంది. వాయించేది అతను. గుడ్డా దారమూ నావి, నేను దర్జీని. మా ఆవిడ తన తమ్ముణ్ణి గాలిమేళం అని పిలుస్తుంది. చేతిలో ఏమీ లేకుండానే వాయిస్తాడని. ఇంట్లో ఆ పేరే ఖాయమైపోయింది.

దేశాలు తిరిగే సంగీత బృందం పెద్దాయన ఇవాళ వినడానికి వస్తున్నారు. నచ్చితే ఏడాది పొడవునా తమతో తీసుకెళ్తారు.

"అన్నయ్యగారూ, మణికట్టు దగ్గరే ఏదో వదులవుతోంది. చూడండి, తెర మీద గీత ఎలా కొట్టుకుంటోందో" అంది చెల్లెమ్మ.

పొద్దున రిహార్సల్లో అతను చెయ్యి కదల్చకుండా పట్టుకున్నప్పటి గీత అది. తిన్నగా ఉండాలి. మొండి సూదితో కుట్టినట్టు వంకరటింకరగా ఉంది. ఆ వణుకు సంగీతంలో వినపడకుండా ఆమె ప్రోగ్రాంలో ఒక మీట పెట్టింది. దానికి నునుపు అని పేరు. నునుపు పెంచితే స్వరం తిన్నబడుతుంది, కానీ పెంచినకొద్దీ చేతికి వెనకబడుతుంది. నాలుగు నెలల కిందట పదిలో ఉండేది, ఇవాళ అరవైకి వచ్చింది. పొద్దున అతని చెయ్యి దిగిపోయాక గానీ స్వరం రాలేదు.

"తప్పు నా ప్రోగ్రాంలో ఉందో, సెన్సర్లో ఉందో తెలియట్లేదు. మూడు సెన్సర్లు మార్చాను. రెండుసార్లు ప్రోగ్రాం మొదటి నుంచి రాశాను. నా బుర్రే పనిచేయట్లేదేమో." ఆమె కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "ఉండండి, కారులో ఇంకో సెన్సరుంది, తెస్తాను."

ఆమె వెళ్లింది. లోపల వదులేమీ కనిపించక, నేను విప్పిన నాలుగు అంగుళాలూ మళ్లీ కుట్టాను. సూదిలో దారం ఎక్కించేటప్పుడు దేవుణ్ణి తలచుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు, ఆ వేళ కాస్త గట్టిగానే తలచుకున్నాను. బిగువు చూద్దామని తొడుగు నా చేతికే వేసుకుని, చెయ్యి చాపి, తెర వైపు చూశాను.

గీత తిన్నగా ఉంది. చాకు పెట్టి గీసినట్టు.

చేతిని విదిలించి మళ్లీ నిలిపాను. మళ్లీ తిన్నగానే ఉంది. వణుకు కుట్టులో లేదు.

రెండు నెలల కిందట అతను చొక్కాలన్నీ తెచ్చి, గుండీలు తీసేసి టిచ్ బటన్లు కుట్టమన్నాడు. స్టేజీ మీదికి త్వరగా తయారవ్వాలన్నాడు, నేను నమ్మాను. అన్ని చొక్కాలూ స్టేజీకేనా అని అడగలేదు. టీ కూడా ఈమధ్య సగం కప్పే పోయించుకుంటున్నాడు.

"అది తీసెయ్ బావా."

గుమ్మంలో గాలిమేళం నిలబడి ఉన్నాడు. చేతిలో సగం కప్పు టీ.

"ఎన్నాళ్లనుంచి?" అన్నాను.

"ఏం ఎన్నాళ్లనుంచి?"

"నా దగ్గర నీళ్లు నమలకు. మీ అక్కకి చెప్పమంటావా?"

కప్పు బల్ల మీద పెట్టాడు. రెండు చేతులతో పెట్టాడు. "మా అక్కకి చెబితే డాక్టరు దాకా ఎందుకు, ఆవిడే కట్టు కట్టేస్తుంది." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "కుడిచెయ్యి ఒక్కటే బావా. ఐదింటి వరకూ చెప్పకు. ఆ తర్వాత నేనే చెబుతాను. ఇప్పుడు తెలిస్తే మా ఆవిడ నన్ను స్టేజీ ఎక్కనివ్వదు. ఒట్టెయ్."

"ఒట్లు వేయను, నీకు తెలుసు."

"పోనీ మాటివ్వు."

ఇచ్చాను. ఐదేళ్లు కష్టపడ్డవాడు, రెండు గంటలు అడిగాడు.

అతను అటు వెళ్లగానే చెల్లెమ్మ రొప్పుతూ వచ్చింది. చేతిలో కొత్త సెన్సరు. నా కత్తెర తీసి నా ముందు పెట్టింది.

"మొత్తం విప్పేయండి. మణికట్టు నుంచి వేళ్ల దాకా. వైర్లన్నీ కొత్తవి వేస్తాను."

"రెండు గంటల్లో అవుతుందామ్మా?"

"అవ్వకపోతే కచేరీ లేదు. ఆయన చెయ్యి బంగారం అన్నయ్యగారూ. నా చేతకానితనానికి ఆయన ఎందుకు నవ్వులపాలవ్వాలి?"

కత్తెర పట్టుకున్నాను. తప్పులేని కుట్టును నేనెన్నడూ కోయలేదు. కోస్తే తొడుగు పోతుంది. కోయకపోతే ఎందుకో చెప్పాలి. చెబితే నా మాట పోతుంది. ఎదురుగా ఈ అమ్మాయి చెయ్యని తప్పు నెత్తిన వేసుకుని నిలబడి ఉంది. మాట నిలబెట్టుకోమన్న దేవుడే, ఒకరి నింద ఇంకొకరు మోస్తుంటే చూస్తూ ఊరుకోమంటాడా?

కత్తెర కింద పెట్టాను. తొడుగు నా చేతికి వేసుకుని తెర ముందు చాపాను. ఒక్క ముక్క మాట్లాడలేదు.

ఆమె గీత చూసింది. తర్వాత నా ముఖం చూసింది. నా చేతి నుంచి తొడుగు లాగి తను వేసుకుంది. గీత తిన్నగానే వచ్చింది. తొడుగు తీసి బల్ల మీద పరిచి, ముడతలు సరిచేసింది. చాలాసేపు సరిచేసింది.

"మీకు తెలుసా?"

నేను తల దించుకున్నాను. మాట తప్పానో, నిలబెట్టుకున్నానో ఇప్పటికీ తేల్చుకోలేదు. రోజూ దీపం ముందు అడుగుతూనే ఉన్నాను.

ఆమె ఏడవలేదు. సంచీలోంచి గుండ్రంగా తిప్పే నాబ్ ఉన్న చిన్న పెట్టె తీసి కంప్యూటరుకి తగిలించింది. నునుపు మీటని ఆ నాబ్‌కి కలిపింది. "ఇవాళ ఇది నా చేతిలో ఉంటుంది" అంది. అతను లోపలికి వస్తే, "సెన్సరు బాగయింది, తొడుక్కో" అని మాత్రం చెప్పింది. అతను నా వైపు చూశాడు. నేను సూదులు లెక్కపెట్టుకున్నాను.

ఐదింటికి తెర లేచింది. స్టేజీ పక్కన చెల్లెమ్మ, ఆమె వెనక నేను. అతని చెయ్యి పరుగెత్తినప్పుడల్లా ఆమె నాబ్ తగ్గిస్తోంది, స్వరం వేలిని అంటుకుని వస్తోంది. చెయ్యి నిలవబోతుంటే ఒక్క క్షణం ముందే పెంచుతోంది. ఒకసారి ఆలస్యమైంది. స్వరం గజగజలాడింది. ముందువరసలో పెద్దాయన తల ఎత్తారు. ఆమె పళ్లు బిగించి నాబ్ తిప్పింది, స్వరం నిలబడింది. ఆమె రెప్ప వేయలేదు.

చివరిది అన్నిటికన్నా కష్టం. చెయ్యి చాపి, ఒకే స్వరాన్ని నలభై లెక్కపెట్టేదాకా నిలపాలి. ఆమె నాబ్‌ని చివరిదాకా తిప్పింది. వెలుగులో అతని చెయ్యి అందరికీ కనిపించేలా వణుకుతోంది. చెవికి మాత్రం స్వరం కదలకుండా నిలిచి ఉంది. హాల్లో ఎవరూ దగ్గలేదు. నేను లోలోపల లెక్కపెట్టాను. నలభై దగ్గర అతను పిడికిలి బిగించాడు. స్వరం ఆగింది, కాస్త ఆలస్యంగా.

చప్పట్లు. పెద్దాయన లేచి, వారంలో కబురు చేస్తామని వెళ్లారు. ఆ సంగతి మేం ముగ్గురం సగమే విన్నాం.

వెనక గదిలో అతను నోరు తెరవబోతుంటే ఆమె ఆపింది. "అన్నయ్యగారు ఒక్క మాటా చెప్పలేదు. ఆయన్ని అనకు. చెప్పింది నువ్వే. నాలుగు నెలలుగా రోజూ నాకు చెబుతూనే ఉన్నావు. నేనే నున్నగా చేసి పారేశాను."

"నువ్వెందుకు..."

"ఆగు." ఆమె కంప్యూటరు తిప్పింది. "వినిపించే శబ్దంలోనే నునుపు చేశాను. అసలు గీతలన్నీ తేదీలతో దాచి ఉన్నాయి. రేపు పొద్దున డాక్టరుకి ఇవి చూపిద్దాం. ఎక్కడ మొదలైందో నేనే చూశాను." ఒక తేదీ దగ్గర వేలు పెట్టింది. "ఇదే కదా?"

అతను తెర వైపు చూశాడు. ఇప్పుడు అవునంటే సరిపోయేది.

అతను వంగి, గీతల్ని వెనక్కి జరిపాడు. ఒక నెల. ఇంకో నెల. నునుపు ఇంకా పదిలో ఉన్న రోజుల్లో, ఆమె ఏ అనుమానమూ పడని ఒక తిన్నని గీత దగ్గర, చిన్న ముడిలా ఉన్న చోట వణికే వేలు ఆనించాడు.

"ఇక్కడ" అన్నాడు.

ఆమె పెన్ను కోసం వెతికింది. నా పెట్టెలోంచి గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దముక్క తీసి ఇచ్చాను. ఆ తేదీని బల్ల మీదే రాసుకుంది.