ఒంటి వేడి

నాకు కప్పే ప్రతి శాలువా మా వృద్ధాశ్రమంలో ఎవరో ఒకరి ఒంటి వేడి పట్టుకొస్తుంది. మొదటి దాంట్లో వీరాస్వామి తాత జ్వరం ఉంది. గుర్తుపడతాను.

కాకినాడలో సభ. ఈ ఏటి ఉత్తమ సేవాసంస్థ మాదే. రైసుమిల్లర్ల సంఘం కప్పుతుంది, వాకింగ్ క్లబ్బు కప్పుతుంది, కార్పొరేటరు గారి బావమరిది కప్పుతాడు. నాకు చెమట పడుతోంది.

ఫోను మోగుతుంది. ఆశ్రమంలో ఉండిపోయిన ఆయా నూకరత్నం.

"అక్కా, అందరూ చల్లబడిపోయారు. మంగతాయారు మామ్మ ఒక్కత్తే వెచ్చగా ఉంది. ఇంకెవరన్నా ఉన్నారా కప్పేవోళ్ళు?"

"ముఖ్య అతిథి గారు."

"వద్దని చెప్పెయ్యి."

మామ్మ ఒకప్పుడు నాకు బస్టాండులో దొరికింది. నన్ను కూతురనుకుని 'పెద్దదానా' అంటుంది. నేనూ పలుకుతాను.

ముఖ్య అతిథి శాలువా విప్పుతారు.

"వద్దండి. మా మామ్మ పోతుంది."

"శాలువా కాదంటే అవార్డు కాదన్నట్టేనమ్మా," అంటారాయన మెల్లగా. "అవార్డు లేకపోతే విరాళాలు రావు. అప్పుడు కప్పకుండానే పోతారు."

ఆ మాటలో తప్పు దొరకదు. శాలువా భుజాల మీద పడుతుంది. కొబ్బరినూనె వాసన, వక్కపొడి వాసన.

"సార్, మీ మొహం పడలేదండి," అంటాడు ఫొటోగ్రాఫరు. "తీసి మళ్ళీ కప్పండి."

తీస్తారు. వెంటనే ఫోను.

"అక్కా, మామ్మ కళ్ళు తెరిచింది. పెద్దదేదీ అంటోంది. వచ్చెయ్యి."

వెళ్ళిపోవచ్చు. మెట్లు పక్కనే ఉన్నాయి. కానీ ఫొటో అనగానే నా మెడ దానంతట అదే వంగుతుంది. పెదాలు నవ్వుతాయి. ఆయన కెమెరా వైపు చూస్తూ మళ్ళీ కప్పుతారు.

వేదిక మెట్లు తిన్నగా మా ఆశ్రమం వార్డులోకి దిగుతాయి. శాలువాలన్నీ మామ్మ మీద కప్పుతాను. నా ఒంటి మీంచి తీయగానే అవి తడిగుడ్డల్లా చల్లగా అయిపోతున్నాయి.

"నీ ఒంటికే అలవాటు పడ్డాయి అక్కా," అంటుంది నూకరత్నం. అని, ఫ్యాను ఆపుతుంది.

"మామ్మా, పెద్దదాన్ని వచ్చాను."

మామ్మ నోరు తెరుచుకుంటుంది. లోపల వరసలుగా చిన్న చిన్న కుర్చీలు, వాటి ముందు తలలు వంచుకుని నిలబడ్డ జనం. రెండు నిమిషాల మౌనం పాటిస్తున్నారు. వెనక వరసలో ఒకాయన పక్కాయన్ని అడుగుతున్నాడు, ఇక కూర్చోవచ్చా అని.