డానియేలు సారు రెండు వేళ్లు

ముప్పై ఒకటో రేకు మళ్లీ మూసుకుంది.

నాకు ఒళ్లు మండింది. పాత బస్తీలో ఓ ఆసుపత్రిలో, క్యాన్సర్ రోగులకు రేడియేషన్ ఎక్కడ ఎంత పడాలో లెక్క కట్టే భాగ్యశ్రీని నేను. కిరణం దారిలో సన్నని లోహపు రేకులు రెండు వైపుల నుంచీ జరిగి, గడ్డ ఎంతుందో అంతే సందు వదులుతాయి. ఏ రేకు ఎంత జరగాలో ఇప్పుడు కంప్యూటరే తేలుస్తుంది. నేను చూసి సంతకం పెట్టాలి, అంతే.

రోగి పేరు తౌఫీఖ్. గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో హర్రాజు ధరలు అరిచే మనిషి. ఆ గొంతే అతని బువ్వ. గడ్డ సరిగ్గా స్వరపేటిక కింద ఉంది. గడ్డకు కిరణం తగ్గితే మనిషి దక్కడు, స్వరపేటికకు ఎక్కువైతే గొంతు దక్కదు. ఈ దిక్కుమాలిన రేకేమో గడ్డ పై అంచు మీదికొచ్చి కూర్చుంటోంది. స్క్రీన్ మీద అక్కడ కాపాడాల్సిందేమీ లేదు. వెనక్కి లాగి మళ్లీ లెక్క కట్టించాను. మళ్లీ వచ్చింది. నాలుగోసారి పక్క రేకును కూడా తోడు తెచ్చుకుంది.

రెండు రేకులు, ఒకటి కాస్త ముందుకు. అచ్చం ఆనించిన రెండు వేళ్లలా. నాకు పని నేర్పిన డానియేలు సారు చనిపోయి ఏడాదైంది. సంతకం పెట్టేముందు ఆయన రోగి గొంతు మీద రెండు వేళ్లు ఆనించి, "ఏదీ, ఒక గుటక మింగు బిడ్డా" అనేవారు. కంప్యూటరొచ్చాక నేను ఆ పని మానేశాను. సిగ్గేసింది.

బయట బల్ల మీద కూర్చున్న తౌఫీఖ్ గొంతు మీద వేళ్లు ఆనించాను.

"మింగు భాయ్."

స్వరపేటిక పైకి లేచింది, మళ్లీ దిగింది. స్కాన్‌లో ఉన్నచోటు కన్నా కిందికి, సరిగ్గా ఆ రేకులు మూసిన చోటికి.

"స్కాన్ నాడు ఏం జేసినవ్? నిజం చెప్పు."

"గలత్ అయింది మేడమ్. బుగ్గల పాన్ ఉండె. తల కదలకుండ మాస్క్ గట్టిగ బిగించిన్రు, ఉమ్మనీకి జాగ లేదు. మింగుకుంటనే పండుకున్న. చెప్తే తిడ్తరని చెప్పలే."

"తిట్టక హారతి పడ్తరా?"

మింగుతూ పైకి లేచిన గొంతునే స్కాన్ పట్టిందన్నమాట. మర్నాడు నోరు కడిగించి మళ్లీ స్కాన్ తీయించాను. గడ్డ సెంటీమీటరు కింద ఉంది. నేను సంతకం పెట్టి ఉంటే కిరణం గొంతును కాల్చి, గడ్డను సగం వదిలేసేది. కొత్త ప్లాన్‌లో రేకులన్నీ బుద్ధిగా నిలబడ్డాయి.

సారు పాత ప్లాన్లు చూసి కంప్యూటర్ నేర్చుకుని ఉంటుందిలే అని సర్దిచెప్పుకున్నాను. కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేస్తే, "మీ ప్లాన్లు ఒక్కటి గూడ దాంట్ల ఎక్కియ్యలే మేడమ్" అన్నాడు. అయినా, నేర్చుకున్నా సరే, పాన్ సంగతి దానికెలా తెలుసు?

ఆరు వారాల ట్రీట్‌మెంటు అయిపోయింది. చివరి రోజు తౌఫీఖ్ బయటికొచ్చి, "అందరికీ షుక్రియా!" అని అరిస్తే వరండా అంతా తిరిగి చూసింది. ఆ గొంతు వినగానే నాకు ఏడుపొచ్చింది.

"ఆ పెద్దాయనకు ఒక్కనికి చెప్పలే మేడమ్. ఏడున్నడు?"

"ఏ పెద్దాయన?"

"గదే, లోపల రోజూ నా గొంతు మీద రెండు వేళ్లు పెట్టి నిలబడ్తడు గద. మస్తు చల్లగుంటయ్."

కిరణం పడేటప్పుడు ఆ గది తలుపు మూసేస్తాం. లోపల రోగి ఒక్కడే ఉంటాడు.