ఒక రోజు తేడా

మా ఆఫీసులో మనుషులకు పేర్లుండవు. తెర మీద ఎడమవైపు గుండె ఆస్పత్రుల రిజిస్ట్రీ ఉంటుంది: పుట్టిన తేదీ, చేరిన రోజు, చేసిన ఆపరేషన్. కుడివైపు బీమా క్లెయిములు: ఇంటికెళ్ళాక కొన్న మందులు, మళ్ళీ ఆస్పత్రిలో పడటం, చివరికి బతికున్నారా పోయారా. ఇంటికి పంపాక పేషెంట్లు ఎలా ఉన్నారో ఆస్పత్రికి తెలియదు. గుండెకు లోపల ఏం చేశారో బీమావాళ్ళకు సరిగ్గా తెలియదు. రెండూ కలిపితేనే ఆ మనిషి పూర్తిగా కనిపిస్తాడు. ఎడమవైపు రికార్డూ కుడివైపు రికార్డూ ఒకే మనిషివో కాదో కంప్యూటర్ తేల్చలేని జతలు నాలాంటివాళ్ళ దగ్గరికి వస్తాయి. ‘ఒకరే’ అనో ‘సందేహం’ అనో నొక్కాలి; సందేహం అన్నవి లెక్కలోకి రావు. చదువు మధ్యలో ఆగిపోయిన నాకు ఇంతకంటే మంచి పని దొరకదు. నేను ఇల్లు చేరేదాకా పాపను మా అత్తయ్య చూసుకుంటుంది.

ఆ అత్తయ్యకే గుండెలో వాల్వు మార్చాలన్నారు.

“రోజూ చూస్తావుగా, ఇది వేయించుకున్న ముసలాళ్ళు ఏమవుతున్నారే?” అని అడిగింది పాపకు జుట్టు దువ్వుతూ.

“నేను కలిపినవాళ్ళంతా నిక్షేపంగా ఉన్నారు అత్తయ్యా.”

“అయితే శుక్రవారం ఆపరేషన్‌కి వస్తానని ఆస్పత్రికి చెప్పేస్తా. నువ్వు చెప్పాక ఇంక డాక్టరుతో పనేముంది.”

మర్నాడు మా సూపర్‌వైజర్ మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. నేను ‘ఒకరే’ అన్న జతలూ ‘సందేహం’ అన్న జతలూ పక్కపక్కన తెరిచి ఉన్నాయి.

“ఇక్కడ చూడమ్మా. బతికున్నవాళ్ళకు పుట్టిన తేదీలో రెండువైపులా ఒక రోజు తేడా వస్తే టైపింగ్ తప్పనుకుని కలిపేశావు. పోయినవాళ్ళకు అదే తేడా వస్తే వేరే మనిషేమోనని ‘సందేహం’ నొక్కావు.”

నేను తెలిసి చేసింది కాదు. పోయారని కనపడగానే నా కన్ను తేడా కోసం వెతికేది, అంతే.

“నీ లెక్కన ఈ ఆపరేషన్‌తో ఎవరూ పోరు,” అంది మేడమ్ మెల్లగా. “అసలు బతికున్నారా పోయారా అన్న గడి మీకు కనపడకుండా దాచాల్సింది. అది మా పొరపాటు. ఇవన్నీ మళ్ళీ చూడు.”

మళ్ళీ చూశాను. చాలామంది బాగానే ఉన్నారు. కొందరు లేరు.

ఇంటికెళ్ళే బస్సులో ఒకటే ఆలోచన. చెప్పకపోతే ఆవిడ ధైర్యంగా వెళ్తుంది. చెబితే మానేస్తుందేమో. మానేస్తే ఆ వాల్వు ఊరుకుంటుందా? కానీ ఆవిడ ఒప్పుకున్నది నా మాట మీద.

గుమ్మంలోనే చెప్పేశాను, చెప్పులైనా విప్పకుండా.

అత్తయ్య పాపను ఒళ్ళోకి సర్దుకుంది. పాప ఆవిడ చీర కొంగు నములుతోంది.

“అందరూ బాగున్నారన్నప్పుడే అనుకున్నాలే, నా కోడలికి చెడ్డమాట నోట్లోంచి రాదని,” అంది. “ఆ పోయినవాళ్ళు ఎందుకు పోయారు?”

“తెలియదు అత్తయ్యా. అది తేల్చడానికేగా ఇదంతా కలుపుతున్నది.”

“సరే. శుక్రవారం వెళ్తా. ముందు డాక్టర్నే అడుగుతా, నా వయసుకి నా ఒంటికి ఎలా ఉంటుందో. నువ్వూ రా, నాకు సగం మాటలు అర్థం కావు.” లోపలికి చూసి కేకేసింది. “ఒరేయ్, ఇలా రా. పాపకు నీళ్ళు పోయడం నేర్చుకో.”

“ఇప్పుడెందుకమ్మా?” అన్నారు మా ఆయన ఫోన్ లోంచి తలెత్తకుండా.

“ఇప్పుడే. శుక్రవారం నుంచి ఎవరు పోస్తారు?”

బాత్రూంలో పాప గుక్కపట్టి ఏడ్చింది. కంట్లో సబ్బు పడినట్టుంది. అత్తయ్య కుర్చీలోంచి లేవలేదు. లేవబోయిన నన్ను చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.