వెళ్ళి రండి అనకూడని చోటు

రేవు చివర నిలబడి ఉన్నాను, కాని కింద సముద్రం లేదు, సముద్రం ఉండాల్సిన చోట తెల్లటి ఎరువురాయి పొడి మెల్లగా ఎగసి స్తంభాలను తాకి వెనక్కి పోతోంది, ఆ పొడి మధ్యలో పేముకుర్చీ వేసుకుని మా అమ్మ తండ్రి, గురువులు తాత, కూర్చుని ఉన్నాడు. ఒంటి మీద నా చిన్నప్పుడు జరిగిన సభకని బడిపంతులు దగ్గర అరువు తెచ్చుకున్న నల్లకోటు ఉంది, అది భుజాల దగ్గర ఇప్పటికీ బిగుతుగానే ఉంది. తాత చనిపోయాడని నాకు తెలుసు, తెలిసినా అదేమీ అడ్డుగా తోచడం లేదు, ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావని గట్టిగా కోప్పడాలని మాత్రం ఉంది.

"ఏటే సింహాలూ, అక్కడే నిలబడిపోనావు? దిగు. ములిగిపోవులే, ఇది మన దిబ్బే" అంటాడు.

దిగుతాను. నిజమే, ఇది మా దిబ్బే. దొరల పటంలో మా దీవికి ఎవరో రాణిగారి పేరు ఉంది, మేము మాత్రం పిట్టలదిబ్బ అంటాము, ఎందుకంటే ఎన్నో యుగాలుగా సముద్రపు పిట్టలు వేసిన రెట్టే ఇక్కడ రాయిగా మారింది. ఆ రాయిని పొడి చేసి చల్లితే దొరల దేశంలో గోధుమ ఏపుగా పండుతుంది. చెరుకుతోట పని అని చెప్పి మా ముత్తాతలను కళింగపట్నం రేవులో ఓడ ఎక్కించి, ఇక్కడ దింపి, చేతికి పలుగు ఇచ్చారు. చుట్టుపక్కల దీవులన్నీ ఒక్కొక్కటే తమ జెండా తాము ఎగరేసుకున్నాయి, మా మీద మాత్రం ఇంకా దొరల గవర్నరే ఉన్నాడు. ఎందుకలా అయిందని దిబ్బ మీద ఎవరినడిగినా మా తాత పేరే చెబుతారు.

"తెల్లారితే సభ గదా" అంటాడు తాత.

"అవును తాతా. ఈసారి మాట్లాడేది నేను."

"నువ్వా? ఇంకెవులూ దొరకనేదేటి మన ఊరోళ్ళకి?"

"దొరికారు. గురువులు పాడు చేసింది గురువులు మనవరాలే బాగు చేయాలన్నారు."

తాత నవ్వుతాడు, నవ్వితే నోట్లోంచి తెల్లటి పొడి రాలుతుంది, దాన్ని కోటు మీద నుంచి దులుపుకుంటూ ఏదో ఇరుగుపొరుగు సంగతి చెబుతున్నట్టు అంటాడు, "నన్ను పాతిన కాడ నన్నుండనిచ్చినారేటి? తవ్వీసినారు. మీ అమ్మమ్మని, నన్ను, రాయితో కలిపి ఓడెక్కించీసినారు. ఏ దేశంలో ఏ సేలో ఉన్నానో నాకే తెలీదు."

ఇది కల కల్పించిన మాట కాదు. శ్మశానం కింద మేలైన రాయి ఉందని గని వాళ్ళు గొయ్యిని అటువైపు జరిపారు, సమాధులు వేరే చోటికి మారుస్తామని గవర్నరు మాట ఇచ్చాడు, మార్చిన చోటు మాత్రం ఈ రోజుకీ మాకు ఎవరూ చూపించలేదు.

"గోధుమ బాగా పండిందా మరి?" అంటాను.

"ఓ, బెమ్మాండంగా. దొరలు రొట్టె సేసుకు తిన్నారు నన్ను."

"అరక్కుండా పోవాలి వాళ్ళకి" అంటాను, మనసారా అంటాను.

మేము మాట్లాడుకుంటూ ఉండగానే తాత కుర్చీ పక్కన మరో కుర్చీ, దాని పక్కన ఇంకోటి మొలుచుకొస్తాయి, పైన అమ్మమ్మ వండే బంగళా వంటింటి కప్పు వాలుతుంది, పొగచూరిన ఆ కప్పు కిందే ఆనాటి సభ సిద్ధమవుతుంది. ఇంకా పరాయివాళ్ళ చేతి కిందే మిగిలిపోయిన దీవుల సంగతి విచారించడానికి వచ్చిన పైదేశాల కమిటీ వాళ్ళు వరసగా కూర్చుంటారు, వాళ్ళ ముఖాలు నేను చూడబోతే కొంచెం కొంచెం జరిగిపోతున్నాయి. దుబాసీ ఆనందరావు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పెద్ద కుర్చీలో గవర్నరు, ఎర్రటి మెడ, చెమట తుడుచుకునే రుమాలు. తాత లేచి మాట్లాడతాడు, నేను చిన్నప్పుడు అమ్మ ఒళ్ళో కూర్చుని విన్న మాటలే ఇవి, మా నేల మాది, మా మంచిచెడ్డలు మేము చూసుకుంటాము, దొరలు ఇక సెలవు తీసుకోవాలి. ఎంత బాగా మాట్లాడాడో! కమిటీ వాళ్ళు తలలు ఊపుతున్నారు. అంతా అయ్యాక గవర్నరు లేచి, కమిటీ వాళ్ళతో పాటు తానూ ఓడ ఎక్కడానికి బయలుదేరుతూ, తాత వైపు తిరిగి రెండు చేతులూ జోడిస్తాడు. తాత కూడా చేతులు జోడించి, తల వంచి, "ఎల్లిరండి బాబూ" అంటాడు.

కమిటీ పెద్ద ఆగి, ఆయన ఏమన్నాడని అడుగుతాడు. దుబాసీ చెబుతాడు, వెళ్ళి మళ్ళీ రమ్మంటున్నాడు అని.

అంతే. అంతసేపు మాట్లాడిన మాటలన్నీ ఆ ఒక్క మాట కింద పడి నలిగిపోయాయి. దీవి పెద్దమనిషే గవర్నరును తిరిగి రమ్మని వేడుకున్నాడని కమిటీ రాసుకుపోయింది. గవర్నరు కొత్తగా పదవి పొడిగించుకుని తిరిగొచ్చి, ఇదే రేవులో దిగి, తనను చూడటానికి గుమిగూడిన మా వాళ్ళతో తెలుగులోనే, "రమ్మన్నారు కదా, వచ్చాను" అని నవ్వాడు. ఆ రోజు నుంచి తాత నలుగురిలో నోరు తెరవలేదు. ఆ నవ్వు మీదే నా పగంతా. ఆ మనిషే, ఇప్పుడు ముసలివాడై, తన దేశం తరఫున రేపటి సభకు వస్తున్నాడు.

"ఆ దుబాసీగాడి నాలుక కోయాలి" అంటాను.

"ఏల కోయడం? ఆడు అబద్దం సెప్పనేదు. అన్నమాట అన్నట్టే సెప్పినాడు. నా ఏడుపదే గదే."

"అయితే ఆ గవర్నరుని..."

నా పగ చాలా వివరంగా ఉంటుంది. ఎండ నడినెత్తి మీద ఉండగా ఆ ముసలి గవర్నరు చేతికి పలుగు ఇచ్చి గొయ్యిలో దింపాలి. మధ్యాహ్నం గంజి కోసం వరసలో నిలబెట్టి, అతని వంతు వచ్చేసరికి గిన్నె బోర్లించాలి. ఇంటికి పోతాను బాబో అని అతను ఏడిస్తే, పక్కన దుబాసీని నిలబెట్టి, "ఇంకొన్నాళ్ళు ఉంటానంటున్నాడు" అని చెప్పించాలి. ఇదంతా తాతకు చెబుతూ ఉంటే నోరూరుతోంది, తాత మాత్రం చిన్నపిల్ల అల్లరి చూసినట్టు చూస్తున్నాడు.

"ఇయన్నీ సేయడానికి ఒక సభ సాలదే. తిట్టకు. తిట్టినావనుకో, ఈళ్ళకి కోపమెక్కువని ఇంకో మాట రాసుకుంటారు. నాను అనాల్సిన మాట ఒకటే. అదే అను, సాలు."

"ఏ మాట?"

"పొండి."

తాత ఆ మాటను నాకు చెప్పాడు కాని, ఎదుటివాడికి చెప్పాలంటే నోరు రావడం లేదట, అందుకే ఇన్నాళ్ళుగా అనడం నేర్చుకోవడానికి ఎవరైనా తోడు దొరుకుతారా అని చూస్తున్నాడట. "నువ్వు దొరవి అవు, నానంటాను, సూద్దాం" అంటాడు. నేను దొరనవుతాను, అనుకోగానే నా కాళ్ళకు బూట్లు వచ్చేశాయి, మెడ ఎర్రగా కాలుతోంది. చేతులు జోడిస్తాను. తాత ఊపిరి బిగబట్టి, ముఖమంతా చెమటలు పడుతుండగా, "పొం... పొం..." అని, చివరికి, "పోయి రండి బాబూ" అంటాడు. అని, తన నోటి మీద తానే కొట్టుకుంటాడు.

"జరుగు, నేనంటాను" అంటాను. నా కోపం ముందు ఇదెంత పని అనుకుంటాను. ఎదుట ఖాళీ కుర్చీ వైపు తిరిగి నోరు తెరుస్తాను, నా నోట్లోంచి కూడా "వెళ్ళి..." అని వచ్చి, వెనకే "రండి" రాబోతుంటే పళ్ళతో పట్టుకుని ఆపుతాను, కుర్చీలన్నీ నన్ను చూసి కిలకిలా నవ్వుతాయి.

ఏం చేస్తాను, పెంపకం అలాంటిది. గడప దాటే మనిషిని పొమ్మనడం మా వాళ్ళకు చేతకాదు. ఎవరైనా పొరపాటున "వెళ్తాను" అని ఊరుకుంటే, వెనక్కి పిలిచి "వెళ్ళొస్తాను అను" అని అనిపించి మరీ పంపుతాము. గనిలో మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టి వెళ్తుంటే కూడా మా ఆడవాళ్ళు "ఎల్లిరండి" అంటారు. రమ్మని కాదు, నీకు దారిలో ఏ ఆపదా రాకూడదని. ఈ మాత్రం తెలియని వాళ్ళ చేతిలో పడింది మా బతుకు.

"తెలీక కాదే" అంటాడు తాత, నేను పైకి అన్నానో లేదో నాకే తెలియదు. "దొరకి తెలుసు."

"ఏం తెలుసు?"

"మీ అమ్మమ్మ దొర బంగళాలో వొండీది గదా. దినామూ పొద్దుట ఆ దొర కచేరీకి బయలెల్తూ, 'ఎల్లొస్తాను నూకాలమ్మా' అనీవోడంట. 'ఎల్లిరండి బాబూ' అనీదంట ఇది. ఓడలో ఒకేకాడ పడున్నప్పుడు సెప్పింది నాకు. బతికున్నప్పుడు నానెప్పుడైనా అడిగితే గదా."

అమ్మమ్మ బంగళాలో వంట చేసేదని నాకు తెలుసు, ఆ వంటింటి కప్పు కిందే కదా కూర్చున్నాము, అయినా ఈ సంగతి నాకెప్పుడూ తట్టలేదు. అతనికి తెలుసు. ఆ మాటకు అర్థం తెలిసి, ఎన్నో పొద్దుటలు ఆ మాటతో దీవెన అందుకుని, కమిటీ పెద్ద అడిగినప్పుడు పక్కనే నిలబడి నోరు మెదపలేదు, తిరిగొచ్చాక నవ్వాడు. పలుగూ వద్దు, గంజీ వద్దు. తను చేతులు జోడించినప్పుడు వాడు మా జోడించని చేతులు చూడాలి, తను వెళ్ళొస్తాను అన్నప్పుడు బదులు రాని నోరు చూడాలి, చూసి ఓడ దాకా ఒక్కడే నడవాలి, అదీ నాకు కావాలి.

"మరెలా తాతా? నోరు తిరగడం లేదే."

వంటింటి కప్పు మెల్లగా లేచిపోతుంది, గొయ్యి అంచున ఉన్నాము, కింద తవ్వేసిన శ్మశానం తెల్లగా కనిపిస్తోంది.

"సావింటికి ఎల్లి, వొచ్చీసినప్పుడు ఏటంటావు?"

"ఏమీ అనను. లేచి వచ్చేస్తాను. చావింట్లో వెళ్ళొస్తానని చెప్పరు కదా, వెళ్ళి రమ్మనీ అనరు."

"ఏల?"

"మళ్ళీ అలాంటిది ఆ ఇంటికి రాకూడదని."

"మరి ఆ సభ సావిల్లు కాదేటే?" అంటాడు తాత. "ఇక్కడ ఇన్నిమందిమి సచ్చినాం. నాను దాన్ని సుట్టాలిల్లనుకున్నాను. అక్కడే దెబ్బైపోనాది."

చుట్టాలిల్లు అనుకున్నానని ఒప్పుకుంటూ తాత కోటు విప్పి నా చేతిలో పెడతాడు, పెట్టి, గొయ్యిలోకి దిగే మెట్టు మీద కాలు వేస్తాడు. వెళ్ళిపోతున్నాడని అర్థమై నాకు ఏడుపు తన్నుకొస్తుంది, అలవాటుగా "వెళ్ళి..." అంటాను, తాత చప్పున వెనక్కి తిరిగి అరచేత్తో నా నోరు మూస్తాడు. ఆ చెయ్యి గరుకుగా, చల్లగా ఉంది.

"ముందు నాకను. సచ్చినోణ్ణి రమ్మంటావేటి? నాను మల్లీ రాకూడదు. నా కోసం కూకుంటే నీకు పని జరగదు."

"నీతో అనలేను తాతా."

"నా మీద పేమ ఉండి కూడా అన్నావంటే, ఆడి మీద పగతో అనలేవేటి?"

ఇదేం లెక్క అని వాదించాలనిపిస్తుంది, తాతతో ఎప్పుడూ ఇంతే, గెలవనివ్వడు, కాని మెట్లు ఒక్కొక్కటే పొడిలో కరిగిపోతున్నాయి, వాదించే వ్యవధి లేదు. కళ్ళు గట్టిగా మూసుకుంటాను.

"పో."

"ఇనపడనేదు. నా సెవులు ఎక్కడో గోదుమసేలో ఉన్నాయి."

"పో తాతా."

"ఇంకా."

"పో!"

నా కేకకు నాకే మెలకువ వచ్చింది. కిటికీలోంచి తెల్లటి వెలుతురు, బయట సభకు నాతో రావడానికి వచ్చిన ఆడవాళ్ళ మాటలు. గొంతు మండుతోంది. ఆ మాట ఇంకా నాలుక మీదే ఉంది, దాని వెనక వేరే మాటేమీ లేదు.

నేనేమి కలగన్నానో ఎవరితోనూ అనలేదు. లేచి తల దువ్వుకుని చీర సర్దుకుని బయటికి వచ్చాను. అమ్మ వాకిట్లో వంగి, గడప బయట ఒక పక్కగా నిండు నీళ్ళబిందె, దాని మీద చెంబు పెడుతోంది. చావింటి నుంచి తిరిగొచ్చేవాళ్ళ కోసం తప్ప ఇంకెవరి కోసమూ మా ఇళ్ళలో అక్కడ నీళ్ళు పెట్టరు.

"ఏంటమ్మా ఇది, ఎవరు పోయారు?" అన్నాను.

అమ్మ నడుం పట్టుకుని నిటారుగా లేచి, రేవు వైపు చూసింది. దొరల ఓడ వచ్చి ఉంది.

"ఇంకా పోనేదు" అంది. "నువ్వా సభలోంచి వొచ్చినాక, కాళ్ళు కడుక్కునే లోపలికి రా."