ఆయుధపూజ మర్నాడు

స్క్రూలు ఎడమ అరచేతిలో పోసుకుని, స్క్రూడ్రైవరు పళ్ల మధ్య కరుచుకుని, గురుసామి కంప్యూటరు క్యాబినెట్ పక్క రేకు ఊడదీశాడు. రేకు మీద ఎండిన గంధం, దాని నడుమ కుంకుమ బొట్టు. నిన్న ఆయుధపూజ. దారం తీసే మిషన్ల దగ్గర్నుంచి గుమాస్తా స్టేప్లరు దాకా మిల్లులో అన్నిటికీ గంధం పడింది. అన్నిటికీ ఒక రోజు విశ్రాంతి దొరికింది. ఇవాళ పొద్దున నిమ్మకాయ కోసి స్విచ్చి వేస్తే అన్నీ లేచాయి, ఇదొక్కటి తప్ప.

"లోపలికి నీళ్లు పోయినాయి," అన్నాడు స్క్రూడ్రైవరు నోట్లోంచి తీసి.

ఎవరితో అన్నాడో అతనికే తెలియాలి. గదిలో ఉన్నది ఇలక్కియా ఒక్కతే. పాలిటెక్నిక్ చదివి కొత్తగా చేరిన పిల్ల. ఆమెతో అవసరానికి మించి మాట్లాడకూడదని గురుసామి మొదటి రోజే తీర్మానించుకున్నాడు. ఆ అవసరం ఇంతవరకూ రాలేదు.

అతన్ని ఎవరూ రెండోసారి తలతిప్పి చూడరు. పొట్టి మనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, జేబులో పెన్ను ఉండాల్సిన చోట కరెంటు టెస్టరు, కళ్లద్దాల కాడకు చుట్టిన నల్లటేపు. పడుచుతనమంతా దూదిపొట్టు పీల్చిన మనిషి కాబట్టి దగ్గు మాత్రం గేటు దాకా వినిపిస్తుంది. మంసాపురం నుంచి వచ్చి, గోడౌన్లో నేల మీద రాలిన పంజు ఏరే పనిలో చేరాడు. దూదిని ఈ ఊరి తెలుగువాళ్లు కూడా అరవవాళ్లలాగే పంజు అనే అంటారు. ఆఫీసుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు అట్టపెట్టెలు మోశాడు. వాటిని బిగించిన ఇంజనీరు వెనకాల నిలబడి, నిలబడి, ఒకనాడు ఆ కుర్చీలోనే కూర్చున్నాడు. ఇంజనీరు కోయంబత్తూరు వెళ్లిపోయాడు. ఇతను మాత్రం ఆ కుర్చీ వదల్లేదు.

ఆ ఇంజనీరు వదిలిపోయిన లైనక్స్ అంటే గురుసామికి ప్రాణం. నల్లటి తెర మీద అక్షరాలు కొట్టి దాన్ని నడిపించగలిగింది మిల్లు మొత్తంలో తానొక్కడే. మిషను మొత్తానికి తాళంచెవి లాంటి రూట్ పాస్‌వర్డు ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లతో మాటలు మానేశాడు. అలా మానేసి మానేసి ఆఫీసులో సగం మందికి దూరమయ్యాడు. "నా మిషను ఆరిపోయే రకం కాదు" అని మిగిలిన సగం మందికి చెప్పి చెప్పి విసిగించాడు. నిజంగానే దాన్ని ఆర్పేవాడు కాదు. ఏటా ఆయుధపూజకు తెర మాత్రం ఆర్పి, మిషనుకు యూపీఎస్ తగిలించే ఉంచి, పూజకు నిద్రపోయినట్టు నటింపజేసేవాడు. ఈ ఏడు ముదలాళి, అంటే మిల్లు యజమాని, స్వయంగా వస్తున్నాడని మేనేజరు మెయిన్ స్విచ్చే తీయించాడు.

ఆ మేనేజరు శంకరలింగం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపలికి రాలేదు.

"లారీ వాకిట్లో ఉండాది గురుసామీ. దీంట్లోంచి లేబుల్ రాకుండా ఒక్క బస్తా ఎక్కదు. సాయంత్రానికి తూత్తుకుడి రేవు చేరకపోతే ఓడ వెళ్లిపోతాది. ముదలాళి రెండుసార్లు ఫోను చేసినాడు."

"చూస్తా ఉండాను సార్."

"పొద్దున్నుంచీ అదే చెప్తా ఉండావు. ఇది ఎవరివల్ల అయిందో వాళ్లు ఇవాళ ఇంటికి పోతారు. ముదలాళి మాట ఇది, నాది కాదు."

గురుసామి మళ్లీ క్యాబినెట్‌లోకి వంగాడు. ఉద్యోగం పోతే అతనికి ఇంకో చోట కుర్చీ లేదు. చేతిలో సర్టిఫికెట్ లేదు, నోట్లో మంచి మాట లేదు. బయట ఎవడడిగినా పంజు ఏరిన మనిషి. ర్యామ్ పీకి, దాని పసుపు పళ్లను రబ్బరుతో రుద్ది, మళ్లీ గుచ్చాడు. హార్డ్ డిస్కు కేబులు మార్చాడు. గుండీ అంత బ్యాటరీ తీసి కొత్తది వేశాడు. తడి ఎక్కడా కనపడలేదు. కనపడకపోయినా ఉందనే అనుకున్నాడు, ఎందుకంటే అది ఉండాలి.

పవర్ నొక్కితే ఫ్యాను తిరిగింది. తెర మీద చక్రం గుర్తు వచ్చి గిరగిరా తిరిగి, చాలాసేపు తిరిగి, చటుక్కున పోయింది. దాని వెనక నల్లతెర మీద తెల్ల అక్షరాల వరుసలు. ఎమర్జెన్సీ మోడ్ అని చివర్లో.

"అణ్ణా," అంది ఇలక్కియా, "పైన ఏదో బ్యాకప్ డిస్కు దొరకలేదని రాసింది కదా. దాని కోసరమే నిలిచిపోయినట్టు ఉండాది."

"బ్యాకప్ డిస్కే లేదు ఈ మిషనుకు. లేనిదాని కోసరం ఏంటికి నిలబడుతాది? చదువుకున్నావు కదా, ఆ మాత్రం తెలియదా?"

ఆ పిల్ల మొహం ఎర్రబడింది.

సరిగ్గా అప్పుడే అఖిలాండం చీపురుతో వచ్చింది. సేత్తూరు నుంచి బస్సులో వచ్చే మనిషి. మిల్లులో ఊడ్పు పని. గురుసామికన్నా పెద్దది. చేరింది మాత్రం ఇద్దరూ ఒకే గోడౌన్లో, ఒకే గంపతో. ఆఫీసులో అందరూ అతన్ని సార్ అనో అణ్ణా అనో అంటారు. ఈమె ఒక్కతే నువ్వు అంటుంది. ఆ నువ్వు అనే మాట అతనికి ఏళ్ల తరబడి పుండు మీద కారమే.

"లేచిందా నీ మిషను?"

"గంధం నువ్వే కదా పూసింది? నీళ్లు చల్లినావు కదా దీని మీద?"

"చల్లలేదు. పోయిన ఏడు చల్లినానని కొట్టేదానికి వచ్చినావు. అందుకే ఈసారి గంధం గట్టిగా అరగదీసి, వేలితో పెట్టినాను."

"అబద్ధం. నోరు మూసుకుని పో ముందు."

"నీ నోరేమో తెరిచే ఉండాల," అంటూ ఆమె అతని కాళ్ల కింద ఊడ్చేసి వెళ్లిపోయింది. గురుసామి కాళ్లు ఎత్తలేదు. ఆమె చీపురుతో వాటిని కొట్టినంత పని చేసింది.

భోజనాల గంట కొట్టాక గది ఖాళీ అయింది. అతను అన్నం డబ్బా ముట్టలేదు. వేరే దారి లేక, తాను కొట్టిపారేసిన దాన్నే చూద్దామని రూట్ పాస్‌వర్డు కొట్టాడు. మిషను లేచేటప్పుడు ఏ డిస్కును ఎక్కడ తగిలించుకోవాలో చెప్పే సెట్టింగు ఫైలు ఒకటుంది. దాన్ని తెరిచాడు. చివరి వరుస చూడగానే వీపున చెమట పట్టింది.

ఆ వరుస అతను రాసిందే. సంక్రాంతి దాటాక కాపీలు దాచడానికి బయటి డిస్కు ఒకటి కొనిపించి, ఈ ఫైలులో దాని పేరు ఎక్కించాడు. వేసవిలో అది కిందపడి పాడైతే ఎవరికీ తెలియకుండా చెత్తలో వేశాడు. వరుస తీయడం మర్చిపోయాడు. మిషనును ఒక్కసారి ఆర్పి వెలిగించి ఉంటే అప్పుడే తెలిసేది. ఆర్పకపోవడమే గొప్ప అనుకున్నాడు కదా. నిన్న మొదటిసారి ఆరి, ఇవాళ లేచి, లేని డిస్కు కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

వరుస ముందు హ్యాష్ గుర్తు ఒకటి పెట్టాడు, మిషను దాన్ని చదవకుండా దాటిపోయేలా. సేవ్ చేసి మళ్లీ స్టార్ట్ చేశాడు. తెర మీద చక్రం కాసేపు తిరిగింది. పేరు అడిగే తెర వచ్చింది. గురుసామి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని దాన్నే చూస్తూ ఉండిపోయాడు. సంతోషం రాలేదు. వెనక్కి తిరిగితే గుమ్మంలో ఇలక్కియా నిలబడి ఉంది, చేతిలో కడిగిన టిఫిన్ డబ్బాతో. ఎప్పుడొచ్చిందో తెలియదు.

ప్రింటరు లేబుళ్లు కక్కడం మొదలుపెట్టిన చప్పుడుకే శంకరలింగం పరిగెత్తుకొచ్చాడు. ఈసారి గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"అయిందా? ఏమయింది దీనికి?"

నిజం చెప్పడానికి పట్టే మాటలు నాలుగే. అవి గురుసామి గొంతు దాకా వచ్చాయి. గోడౌన్ కూడా వచ్చింది, ఆ గంప, ముక్కుకు కట్టుకునే గుడ్డ, రాత్రి నిద్ర పట్టనివ్వని దగ్గు.

"నీళ్లు సార్," అన్నాడు. "గంధం నీళ్లు. ఆరబెట్టినాను, లేచింది."

శంకరలింగం ఇలక్కియా వైపు చూశాడు. ఆ పిల్ల గురుసామిని చూసింది, తర్వాత ప్రింటరును చూసింది. చేరి నెల తిరగలేదు ఆమెకు. "అణ్ణా చూసినారు, నాకు తెలియదు సార్," అంది.

అంతటితో అయిపోయింది. లారీ కదిలేలోపే గంధం పూసిన అఖిలాండాన్ని పనిలోంచి తీసేసి, ఆమె టోకెను గేటు దగ్గర తీసేసుకున్నారు. ఆమె అరవలేదు, ఎవరి కాళ్లూ పట్టుకోలేదు. చెప్పులు బయట విడిచి, సంచి భుజాన వేసుకుని, నేరుగా గురుసామి గదికి వచ్చింది. అతను తెరలోనే తల దూర్చి కూర్చున్నాడు.

"నీళ్లు చల్లలేదని నాకు తెలుసు," అంది. "ఇప్పుడు నీకూ తెలుసు. నీ మొహం చూస్తేనే కనిపిస్తా ఉండాది."

గురుసామి కీబోర్డు మీద ఏదో కొట్టాడు. తెర మీద పడ్డ అక్షరాలకు అర్థం లేదు.

ఆమె సంచిలో చెయ్యి పెట్టి ఒక బ్రష్షు తీసి క్యాబినెట్ మీద పెట్టింది. మొగవాళ్లు గడ్డానికి నురగ పూసుకునే బ్రష్షు. "నువ్వు టీకి పోయినప్పుడంతా దీని వెనక జాలీలో పంజు తీసేదాన్ని. అకౌంట్స్ రూములో మిషన్లు పంజు నిండి కాలినాయే, చూసినావు కదా. ఇది కాలితే నిన్ను మళ్లీ గోడౌన్‌కు తోస్తారు. నీ పక్కన కూర్చుని మళ్లీ పంజు ఏరే గతి నాకు వద్దని తీసినాను. ఇంకమీద నువ్వే తీసుకో."

"అక్కా," అన్నాడు గురుసామి. ఆ మాట అని ఎన్నేళ్లయిందో. ఆమె అప్పటికే గుమ్మం దాటింది.

లేచి మేనేజరు గది దాకా వెళ్లాడు. తలుపు ఓరగా తెరిచి ఉంది. "మా గురుసామి ఉండగా మనకేం భయం సార్," అంటున్నాడు శంకరలింగం ఫోనులో యజమానితో. గురుసామి తలుపు మీద పెట్టిన చెయ్యి తీసేశాడు. తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. అయినా వెనక్కే వచ్చాడు. కిటికీలోంచి చూస్తే సేత్తూరు బస్సు దుమ్ము రేపుకుంటూ పోతోంది.

కుర్చీలో కూర్చుని దగ్గాడు. దగ్గు ఆగాక, "రూట్ పాస్‌వర్డు చెప్తాను, నేర్చుకో," అన్నాడు ఇలక్కియాతో, తల తిప్పకుండానే.

"నాకు వద్దు అణ్ణా. మీ దగ్గరే పెట్టుకోండి," అంది ఆ పిల్ల. లేబుళ్ల కట్ట తీసుకుని లారీ దగ్గర ఇవ్వడానికి వెళ్లిపోయింది.

ప్రింటరు అప్పటికే ఆగిపోయింది. గదిలో ఫ్యాను చప్పుడు ఒక్కటే మిగిలింది. క్యాబినెట్ మీద ఆ బ్రష్షు పడుకుని ఉంది. పిడి విరిగితే సైకిలు ట్యూబు ముక్క చుట్టారు. కుచ్చులో చిక్కుకున్న నిన్నటి పంజు, జాలీలోంచి వచ్చే వెచ్చటి గాలికి సన్నగా కదులుతోంది.