మిగిలిన సగం అర్థం

నరహరి మాస్టారు హాజరు వేస్తున్నారు, కానీ గది నిలకడగా లేదు. ఒక కిటికీలోంచి బడి మైదానం, ఇంకో కిటికీలోంచి వెనక్కి పరిగెడుతున్న చెరకు తోటలు, బెంచీలు ఎప్పుడో బస్సు సీట్లయిపోయాయి. ఎంత అలసటగా ఉన్నా అలవాటు మానలేక, ప్రతి పేరు పక్కనా అర్థం చెబుతూ పోతున్నారు.

"మేధ. ధకి ఒత్తు మరవకండి, ఒత్తు పోతే కొవ్వు అవుతుంది." ఆడపిల్లలు కిసుక్కుమంటారు. "సుధ. అమృతం. గోడకి వేసే సున్నం కూడా."

తరవాతి గడిలో పేరు లేదు. "ఇదిగో" అని రాసి ఉంది.

"పలకనా?" అంటుంది చివరి సీట్లోంచి ఆయన భార్య, పోయి ఎనిమిది నెలలైన మనిషి, ఒళ్ళో గిన్నె పెట్టుకుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ. "ముప్పై మూడేళ్ళు ఆ పేరుకే పలికాను."

ఆవిడ పేరు వైదేహి. ఆయన నోట ఎన్నడూ రాలేదు.

"ఒంట్లో ఎలా ఉంది?" అంటారు పక్కన కూలబడి.

"ఒళ్ళుంటేగా! సాయంత్రం బారసాలట. మనమరాలికి నా పేరు పెడతానని నిరుపమ అంటే వద్దంటున్నారట?"

"రేపు దాన్ని కోప్పడాలన్నా ఆ పేరేగా పిలవాలి."

"కోప్పడటానికి బుజ్జి అనో చిట్టి అనో ఉంటుంది, అందరూ చేసేదే. అసలు సంగతి చెప్పండి, మాస్టారూ."

ఆయన చిక్కుడుకాయ ఒకటి తీసుకుని, తుంచకుండా పట్టుకుంటారు. "పెళ్ళైన కొత్తలో నీ పేరుకి అర్థం అడిగావు. విదేహ రాజు కూతురు, సీత అన్నాను. సగమే చెప్పాను. విదేహ అంటే దేహం లేని అని. ఆ వంశంలో మొదటి రాజు శాపం తగిలి శరీరం పోగొట్టుకున్నాడట. కొత్త పెళ్ళికూతురితో ఆ మాట ఎలా అనను? ఇప్పుడు పసిగుడ్డుకి ఎలా పెట్టను?"

ఆవిడ గిన్నె ఒలికేలా నవ్వుతుంది. "ఈ ముక్క అప్పుడే చెబితే పోయేది కదండీ! అత్తయ్యగారు రుబ్బురోలు దగ్గరికి పిలిచినప్పుడల్లా, నాకు దేహమే లేదండీ అనేదాన్ని." తరవాత, మెల్లిగా, "మీ సుధ ఎప్పుడైనా సున్నమై గోడకంటుకుందా?" అంటుంది.

బస్సు ఆగుతుంది. ఆవిడ గిన్నె చంకన పెట్టుకుని, దిగేవాళ్ళలో కలిసిపోతుంది.

"ఇదిగో!" అని కేకేస్తారు మాస్టారు. దిగుతున్న ఆడవాళ్ళందరూ వెనక్కి తిరిగి చూస్తారు, ఆవిడ ఒక్కర్తీ తప్ప. ఇక వేరే దారి లేక ఆయన నోరు తెరుస్తారు.

మధ్యాహ్నం మూడున్నర. మంచం పక్కన నిరుపమ, సాయంత్రం పేరు రాయాల్సిన బియ్యప్పళ్ళెంతో నిలబడి ఉంది.

"నాన్నా, వీధిలోకి వినబడింది మీ కేక. అమ్మ పేరు మీ నోట వినడం నాకిదే మొదలు."

ఆ పేరే పెట్టమ్మా అనబోయారు. వరసగా ఏడు పీరియడ్లు చెప్పిన రోజులా గొంతు బొంగురుపోయి ఉంది. పళ్ళెం దగ్గరికి లాక్కుని, బియ్యంలో వేలితో "వై" అని రాశారు.