బోడి సైకిలు

బెల్లు కూడా పెట్టారు, ఇత్తడి బెల్లు, గుళ్లో గంటకి తమ్ముడిలా ఉంది, పందెంలో ముందు పోతున్నవాళ్లని ఇది కొట్టి తప్పుకోండమ్మా తప్పుకోండి అనాలి కాబోలు, అనుకుంటే విజయదుర్గకి నవ్వొచ్చింది, వచ్చిన నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగింది, ఎందుకంటే కళ్లు ఇంకా బెల్లు దగ్గరే ఉన్నాయి, అక్కడి నుంచి కిందికి దిగడానికి వాటికి ధైర్యం చాలడం లేదు, అయినా ఎంతసేపని బెల్లునే చూస్తుంది, హ్యాండిలుకి చామంతి దండ వేశారు, రెండు చివర్లా ఎర్ర కుచ్చులు కట్టారు, చక్రాల మీద మడ్‌గార్డులు, వెనక క్యారియరు, చక్రాల కింద రెండు నిమ్మకాయలు, రాజోలు మెయిన్ రోడ్డు మీద బంగారరాజు గారి సైకిల్ షాపు ముందు ఇంత అలంకారంతో నిలబడి ఉన్నది నాలుగు నెలలుగా తన కలలోకి వస్తున్న రేసు సైకిలేనా, కలలో దాని ఒంటి మీద ఏమీ ఉండేది కాదు, రెండు సన్నటి చక్రాలు, నాలుగు గొట్టాలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, అంతే, ఒక్క చేత్తో ఎత్తితే లేచేది, ఇప్పుడు దీన్ని ఎత్తాలంటే నాన్న కూడా ఒక చెయ్యి వెయ్యాలి.

బోడి సైకిలు పంపించేడమ్మా బెంగుళూరు వాడు, అంటున్నారు బంగారరాజు గారు, ఎప్పుడూ గ్రీజు మరకల బనీనుతో కనిపించే మనిషి ఇవాళ ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు, పెట్టె విప్పి చూద్దును కదా, స్టాండు లేదు, క్యారియరు లేదు, మడ్‌గార్డు లేదు, ఆఖరికి బెల్లయినా లేదు, ఏవండీ సగం సామాను దింపేసుకున్నారేంటండీ అని ఫోను చేసి అడిగేను, అది అంతేనండీ అన్నాడు, అంతే అంటే ఎలాగమ్మా, మా షాపులోంచి ముప్పయ్యేళ్లలో బోడి సైకిలు ఒక్కటి బయటికెళ్లలేదు, అందులోనూ ఆడపిల్ల, శుభమా అని పోటీకెళ్తుంటే అలా బోడిగా పంపుతారా అని మీ మరిడమ్మ అత్తయ్య గారు రెండ్రోజులు నాతో మాటాడితే ఒట్టు, అంచేత ఫుల్ ఫిట్టింగు చేసేసేను, దానికి పైసా తీసుకోను, అది మా ఆలుమగల చదివింపు అనుకో. పక్కనే నాన్న, నాగబాబు, చేతులు కట్టుకుని ఆయ్, ఆయ్ అంటున్నాడు, కొబ్బరికాయలు ఒలిచి ఒలిచి అరచేతులు చెక్కలైపోయిన మనిషి, బంగారరాజు గారు ఏమన్నా ఆయ్ అనడమే ఆయనకి మర్యాద. బంగారరాజు గారు మాత్రం తప్పేం చేశారు, ఈ సీమలో సైకిలంటే అదే కదా, క్యారియరు మీద పెళ్లాం, ముందు కడ్డీ మీద పిల్లాడు, హ్యాండిలుకి అటొక గెల ఇటొక గెల కొబ్బరికాయలు, ఇన్ని మోసేదానికి స్టాండు లేకపోతే ఎలా, అసలు స్టాండు లేని సైకిలు ఒకటి లోకంలో ఉంటుందని, దాన్ని కావాలనే అలా చేస్తారని, దిగినవాడు దాన్ని ఏ గోడకో ఆనించుకుంటాడని ఆయనకి ఎవరు చెప్పారు, తను చెప్పిందా, చెప్పలేదు, చెప్పాలని తట్టనైనా లేదు.

కొలతలు మాత్రం అడిగారు బెంగుళూరు వాళ్లు, కాళ్ల మధ్య నుంచి నేల దాకా ఎంతుందో కొలిచి పంపితే ఆ కొలతకి తగ్గ సైకిలు పంపుతామని, ఆ మాట తనతో చెప్పడానికి బంగారరాజు గారు తల గోక్కుని, రోడ్డు మీద పోయే బస్సుని చూసి, దాని బోర్డు పైకి చదివి, చివరికి లోపలికి కేకేసి మరిడమ్మ గారిని పిలిచారు, ఆవిడ పక్క టైలరు దగ్గర టేపు తెచ్చి, తలుపు గడియ పెట్టి, గోడకి ఆనుకోమ్మా అని నవ్వాపుకుంటూ కొలిచి, కాళ్లు పొడుగే నీకు, అచ్చం సత్తెమ్మ వదిన కాళ్లు అన్నారు, అమ్మ కాళ్లు, తను ఎనిమిదో తరగతిలో ఉండగా కువైట్ వెళ్లిపోయిన కాళ్లు, ఎవరిదో వంటింట్లో తెల్లారకముందు నుంచీ నిలబడే కాళ్లు, కిందటేడు వచ్చినప్పుడు వాటిని తను ఒత్తుతుంటే మోకాళ్ల కింద నరాలు తాళ్లలా చేతికి తగిలాయి, ఇంక చాల్లే తల్లీ, ఈ వీసా అయిపోతే వచ్చేస్తాను, మనింట్లో మన పొయ్యి ముందు కూర్చుని కాసిని వేడినీళ్లు కాచుకుంటాను అంది, వచ్చేస్తానన్న అమ్మే వెనక్కి వెళ్లి ఇంకో రెండేళ్లకి వీసా కొట్టించుకుంది, ఈ సైకిలు కోసం, మంచి సైకిలుంటే పిల్ల ఆటల కోటాలో ఉద్యోగం కొట్టేస్తుందన్న మాట ఆవిడ చెవిన పడబట్టి.

మంచి సైకిలుంటేనా. మొదట ఎవరన్నారో ఆ మాట, పీటీ మాస్టారే అయి ఉంటారు, రాష్ట్రపోటీల్లో బంగారరాజు గారి పాత ఇనప సైకిలు మీద తను నాలుగో స్థానంలో వచ్చిన రోజున, ఆ గుదిబండ మీద నాలుగో నెంబరంటే మాటలా, మంచి సైకిలుంటేనా ఈ పిల్ల ఫస్టే అన్నారు, దాన్ని నాన్న పట్టుకున్నాడు, కొబ్బరి రాశి దగ్గర కాయ కాయకీ అదే చెప్పాడు, సఖినేటిపల్లి రేవులో పంటు నడిపే అతను పట్టుకున్నాడు, అటు నర్సాపురం వెళ్లేవాళ్లకీ ఇటు వచ్చేవాళ్లకీ చెప్పాడు, పేపర్లో జిల్లా పేజీలో ఫొటో వేసి కింద అదే రాశారు, అది కువైట్ దాకా వెళ్లింది, ఇంక తను మాత్రం ఎందుకు ఊరుకుంటుంది, తనూ అంది, మంచు కురిసే పొద్దుటిపూట మలికిపురం మీదుగా రాజోలు దాకా ఆ ఇనుముని తొక్కుతున్నంతసేపూ అనుకుంది, మరుసటేడు ఐదోదైనప్పుడు అనుకుంది, ఆ మరుసటేడు ఏడోదైనప్పుడు మరీ గట్టిగా అనుకుంది, ఓడిపోయి ఇంటికొచ్చి ముసుగుతన్ని పడుకుంటే ఆ మాటే వచ్చి లేపి కూర్చోబెట్టి అన్నం పెట్టేది.

ఎక్కమ్మా, అలా సినిమాహాలు దాకా వెళ్లిరా ఒక్క రౌండు, అంటున్నారు బంగారరాజు గారు, ఉండు స్టాండు నేను తీస్తాను, అసలీ స్టాండు నన్నెంత ఏడిపించిందనుకున్నావు, దీని గొట్టాలు మన సైకిళ్లలా ఉండవు, బిగించినకొద్దీ జారిపోయేది, నిన్న సాయంత్రం మీ నాన్నగారు రాబట్టి సరిపోయింది, స్పానరుకి బారెడు ఇనప గొట్టం తొడిగి చేతికిచ్చేను, ఒక్క పట్టు పట్టేరు, ఇంక కదిలితే నా పేరు మార్చుకుంటాను, నాన్న సిగ్గుపడి నేల చూస్తున్నాడు, ఎవరైనా పొగిడితే ఆయనకి ఎటు చూడాలో తెలియదు, అప్పుడు దిగాయి తన కళ్లు కిందికి, పెడళ్ల వెనక నుంచి చక్రం వైపు వెళ్లే రెండు సన్న గొట్టాలని స్టాండు ఇనప దవడ కరుచుకుని ఉంది, దండ సర్దుతున్నట్టు వంగి వేలు పెట్టి చూసింది, కుడివైపు గొట్టం నొక్కుకుపోయింది, ఖాళీ డబ్బా మీద కాలేసినట్టు, నొక్కు పక్కన రంగు పెచ్చు లేచింది, పెచ్చు కింద గోటికి తగిలింది చీలిక, వెంట్రుకంత, హైదరాబాదు క్యాంపులో కోచ్ విరిగిన సైకిలొకటి తెచ్చి అందరి ముందూ పడేసి చెప్పారు, ఇనుము వంగితే కొట్టి తిన్నగా చేసుకోవచ్చమ్మా, అల్యూమినియం ఒక్కసారి నొక్కుకుందా ఇంక దాన్ని నమ్మకండి, పరుగు మీద ఉండగా విరుగుతుంది, మనిషిని కూడా విరుస్తుంది, ఆ చీలికే ఇది, ఇక్కడ, తన వేలి కింద, వచ్చే వారం సెలక్షన్ పోటీలు, బెంగుళూరు నుంచి ఇంకొకటి రావాలంటే మళ్లీ ఎన్నో నెలలు, మళ్లీ అమ్మవి ఎన్ని సంవత్సరాలో, అయిపోయింది, నాన్న బలమంతా పెట్టి బిగించేశాడు, బంగారరాజు గారు ముచ్చటపడి చేశారు, మరిడమ్మ గారు శుభం కోరి చేయించారు, ఇందులో తిట్టడానికి ఒక్క మనిషి దొరికితే ఎంత బాగుండును.

ఏడుపు వస్తుందని అలాగే వంగి కాసేపు చూసింది. రాలేదు. భుజాలు వాటంతట అవే దిగాయి, ఊపిరి అడుగు దాకా వెళ్లొచ్చింది, నెత్తిమీద గంప ఎవరో సాయంపట్టి దించినట్టు హాయిగా ఉంది, హాయేమిటి, సిగ్గులేదూ, అమ్మ రెండేళ్ల చాకిరీ గోటికింద చీలి కనిపిస్తుంటే హాయేమిటి, కానీ ఉంది, కాదంటే పోయేలా లేదు, తీరా లోపల వెతికితే అది ఇవాళ పుట్టిందీ కాదు, ఆ క్యాంపులోనే, ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల, మంచి పిల్ల, తన సైకిలు తెచ్చి, అక్కా ఒక రౌండు తొక్కి చూడక్కా అంటే, సీటు ఎత్తు నాకు కుదరదులే అంది తను, దించుతాను ఎంతసేపు అని ఆ పిల్ల అప్పుడే బోల్టు వదులు చేస్తుంటే, వద్దులే కాలు పట్టేసింది అని గదిలోకి వెళ్లి పడుకుంది, కాలు పట్టేయలేదు, కళ్లు మూసుకుని కిటికీ అవతల ఆ సైకిలు తిరిగే చప్పుడు విన్నది, ఎక్కితే తెలిసిపోయేది, దాని మీద కూడా తను ఇంతేనని, ఈ కాళ్లలో ఉన్నది ఇంతేనని, అది తెలిసిపోయాక రేపు పొద్దున్నే మంచులో లేచి ఏమనుకుంటూ తొక్కాలి, ఇన్నాళ్లూ తను భయపడింది మంచి సైకిలు రాదని కాదు, వస్తుందని, వచ్చి ఇలా గుమ్మంలో నిలబడి ఎక్కమ్మా అంటుందని, ఇప్పుడింక ఎక్కక్కర్లేదు, ఎక్కి ఓడినా తప్పు గొట్టానిదే, నాన్నే తన చేతులతో ఆ దారి వేసి పెట్టాడు, ఛీ, ఎంత మాట, పాపం నాన్న, భుజం మీద తువ్వాలు తీసి దులిపి సీటు తుడుస్తున్నాడు.

లోపల ఫోను మోగింది, ఇవాళ శుక్రవారం, అమ్మకి సెలవు, రామ్మా రా సత్తెమ్మ చెల్లెమ్మే అని బంగారరాజు గారు రిసీవరు చేతికిచ్చి తను బయటికి తప్పుకున్నారు, తల్లీకూతుళ్లు మాట్లాడుకుంటుంటే వినకూడదని, అవతల అమ్మ గొంతు వెనక ఎవరి పిల్లలో అరబ్బీలో అరుస్తున్నారు, ఎలా ఉందమ్మా సైకిలు, బాగుందమ్మా, రంగేంటి, ఎరుపు, ఎరుపు మంచిదేలే, బరువుందా, లేదమ్మా, తేలికే, అమ్మయ్య, నాకు తెలుసు తల్లీ, నువ్వు ఓడిపోయేవని నాన్న చెప్పినప్పుడు కూడా నేనొప్పుకున్నానా, ఓడింది సైకిలు, మా పిల్ల కాదు అని ఇక్కడ మా గదిలో అందరితోటీ దెబ్బలాడేను, ఇంతకన్నా మంచిది ఉంటుందా ఏంటి, ఉంటే మొహమాటపడకు, అదీ కొందాం, మేడం ఎలాగూ ఇంకో రెండేళ్లుండమంటోంది, ఉంటానులే, నాకేం, బానే ఉన్నాను, కాళ్లు కొంచెం వాస్తున్నాయి అంతే, దానికి మాత్రలిచ్చేరు. కాళ్లు వాస్తున్నాయా అమ్మా, అబ్బే కొంచెమే, నీకెందుకు, నువ్వు ఫస్టొచ్చేయి, ఒక్కసారే వస్తాను, నీ ఉద్యోగం చూడ్డానికే వస్తాను. విజయదుర్గ రిసీవరు చెవికి అదిమిపెట్టుకుంది, గొట్టం చీలిందమ్మా అని చెబితే, అయ్యో పోనీలే తల్లీ ఇంకోటి కొందాం అంటుంది, చెప్పకుండా దీని మీదే వెళ్లి ఓడిపోయి వస్తే, ఇదీ మంచిది కాదేమో ఇంకోటి కొందాం అంటుంది, కోటాకి వయసు ఇంకా మూడేళ్లుంది, మూడేళ్లూ అంటూనే ఉంటుంది, వాచిన కాళ్లతో ఆ వంటింట్లో నిలబడి, ఎవరో ఒకరు ఆపేదాకా అంటూనే ఉంటుంది, ఆపగలిగినది నాన్న కాదు, బంగారరాజు గారు కాదు, ఆ మేడం కాదు, వాళ్లకి తెలిస్తే కదా, తెలిసినది తనొక్కతికే. అమ్మా, అంది. ఏంటమ్మా, అంది అవతల నుంచి, ఎంతో ఆశగా, వెనక పిల్లల అరుపులు కూడా ఆ క్షణం ఆగినట్టున్నాయి. ఏం లేదమ్మా, చాలా బాగుంది సైకిలు, అంది విజయదుర్గ, అంటూ ఉండగానే తెలిసిపోయింది, గెలవడం నా వల్ల కాదమ్మా అని తన నోటితో తను చెప్పేదాకా అమ్మ ఇంటికి రాదు, ఆ మాట చెప్పే నోరు తనకి లేదు.